ప్రసిద్ధుల చరిత్రలు కూర్చే సంపాదకులకు బహిరంగ లేఖ

విద్యార్థుల కోసం పురాణ పాత్రల, మతగ్రంథాల్లోని మహనీయుల, చారిత్రక వ్యక్తుల పరిచయాలు కూర్చుతున్న పాఠ్యపుస్తక రచయితలకు, వ్యక్తికోశాల సంపాదకులకు నమస్కారాలు.

మీ పుస్తకాల మీద ఫిర్యాదులు సాధారణంగా రెండు వైపుల నుంచి వస్తాయి. తమ దేవుణ్ణో, తమ వంశపు వీరుణ్ణో, తమ ప్రాంతపు రాణినో తక్కువ చేసి రాశారని కొందరు కోప్పడతారు. కట్టుకథలను చరిత్ర పేరుతో పిల్లల నెత్తిన రుద్దుతున్నారని మరికొందరు విసుక్కుంటారు. మొదటివారు మీ చేత మరింత పొగిడించాలని చూస్తారు, రెండోవారు సగం పేజీలు కొట్టేయించాలని చూస్తారు. నా విన్నపం ఈ రెంటికీ చెందదు. ఒక వ్యక్తి గురించి మీరు రాసే ప్రతి ముఖ్యమైన మాట పక్కన, అది ఎవరు చెప్పిన మాటో, ఏ కాలపు మాటో తెలిపే ఒక ముక్క చేర్చమని మాత్రమే అడుగుతున్నాను. శాసనం చెప్పిందా, కళ్లారా చూసినవాడు రాశాడా, మూడు వందల ఏళ్ల తర్వాత ఒక కవి పాడాడా, జనం నోట పుట్టి పెరిగిందా, సినిమావాళ్లు కల్పించారా అన్నది పదేళ్ల పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పవచ్చు. చెప్పకపోవడం వల్ల ఏం జరుగుతోందో చూపడానికే ఇంత పొడుగు ఉత్తరం రాయవలసి వచ్చింది.

శ్రీకృష్ణదేవరాయల పేజీనే తీసుకుందాం. మన పుస్తకాల్లో అది దాదాపు ఎప్పుడూ ఒకే తీరున సాగుతుంది. రాయలు 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని పాలించాడు; ఆముక్తమాల్యద రచించాడు; భువనవిజయంలో అష్టదిగ్గజాలనే ఎనిమిది మంది కవులను పోషించాడు; తెనాలి రామకృష్ణుడి చమత్కారాలకు మురిసిపోయి బహుమతులిచ్చాడు; చివరికి తండ్రి వంటి మంత్రి తిమ్మరుసు కళ్లు తీయించాడు. ఈ వాక్యాలన్నీ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో నడుస్తాయి. మొదటి రెండు వాక్యాలకూ చివరి మూడు వాక్యాలకూ మధ్య ఉన్న దూరం చదివేవాడికి ఎక్కడా కనిపించదు.

ఎనిమిది మంది కవుల సంగతి చూడండి. అల్లసాని పెద్దన మనుచరిత్రను, నంది తిమ్మన పారిజాతాపహరణాన్ని రాయలకే అంకితమిచ్చారు కాబట్టి వారిద్దరి విషయంలో పేచీ లేదు. అదే పట్టికలో కనిపించే పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. రామరాజభూషణుడి వసుచరిత్రకు కృతిభర్త, అంటే అంకితం పొందినవాడు, ఆరవీటి తిరుమలరాయలు. అంటే రాయలు గతించి, 1565లో తళ్లికోట యుద్ధం జరిగి, రాజవంశమే మారిన తర్వాతి కాలం. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యం విరూరి వేదాద్రి మంత్రికి అంకితం. ఈ అంకితాలన్నీ ఆయా కావ్యాల అవతారికల్లోనే, అంటే తొలి పద్యాల్లోనే ఉన్నాయి, ఎవరూ తవ్వి తీయవలసిన రహస్యాలు కావు. అయినా ఎనిమిది పేర్లూ వరుసగా రాస్తేనే మార్కులు వేసే ప్రశ్న ఏటా పరీక్షల్లో వస్తూనే ఉంటుంది. రాయల ఆస్థానంలో గొప్ప కవులున్నారన్న మాట నిజం; ఆ కవులు ఫలానా ఎనిమిది మందే అన్నది తర్వాతి తరాలవారు ఇష్టంగా అల్లుకున్న జాబితా. తమకు నచ్చిన కవులందరినీ తమకు నచ్చిన రాజు కొలువులో కూర్చోబెట్టుకోవాలన్న ముచ్చట అందులో కనిపిస్తుంది. ఆ ముచ్చట కూడా తెలుగువారి చరిత్రలో భాగమే, పిల్లలకు చెప్పవలసిందే, కాకపోతే రాయల పాలన వివరంగా కాక మన ముచ్చటగా చెప్పాలి.

తెనాలి రామకృష్ణుడి విషయంలో నష్టం ఇంకాస్త ఎక్కువ. రాజుగారిని బురిడీ కొట్టించే విదూషకుడు అందరికీ తెలుసు. కవి ఎవరికీ తెలియడు. వికటకవి కథలు జనం నోట పెరిగినవి, వాటిలో కొన్నింటికి ఇతర రాజుల కొలువుల్లోని చతురుల కథలతో చాలా దగ్గరి చుట్టరికం ఉంది. ఆ కవి హాస్యం ఎలాంటిదో చూడాలంటే ఆయన స్వయంగా రాసిన కావ్యంలోని నిగమశర్మ కథ ఉంది. చెడుతిరుగుళ్లు మరిగిన తమ్ముణ్ణి దారిలో పెట్టాలని అక్క పుట్టింటికి వస్తుంది, బుజ్జగిస్తుంది, బుద్ధులు చెబుతుంది, తమ్ముడు మారినట్టే నటించి ఒక రాత్రి ఇంట్లో సొత్తంతా ఊడ్చుకుపోతాడు. తెల్లవారాక అందరూ గొల్లుమంటుంటే అక్కగారి ఏడుపు పోయిన తన ముక్కర మీదికి మళ్లుతుంది. తమ్ముడు చెడిపోయాడన్న బాధ, నగ పోయిందన్న బాధ కలిసిపోయిన ఆ ఘట్టంలో ఉన్నంత నిఖార్సైన నవ్వు కాళికాదేవి వరం కథలో లేదని నా అభిప్రాయం. పిల్లలకు కాళికాదేవి కథ చెప్పండి, దాని పక్కనే ఈ అక్కను కూడా పరిచయం చేయండి. ఒకటి ఆయన గురించి జనం చెప్పుకున్నది, రెండోది ఆయన చెప్పినది.

ఇక తిమ్మరుసు కళ్లు. ఆ కథ మనకు ప్రధానంగా చేరింది ఫెర్నావో న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాతలో. రాయలు చనిపోయిన కొన్నేళ్లకు, 1535 ప్రాంతంలో, విజయనగరంలో విన్నదాన్ని బట్టి అతడు రాశాడు. యువరాజుకు విషం పెట్టించాడన్న అనుమానంతో మంత్రికీ ఆయన కుటుంబానికీ పట్టిన గతి అందులో ఉంది. అయితే అదే న్యూనిజ్ అంతకు ముందు పేజీల్లో మరో సంగతి చెప్పాడు. రాయల అన్న వీర నరసింహుడు మరణశయ్య మీద ఉండి, తన పసికొడుకు రాజు కావడానికి తమ్ముడి కళ్లు పీకించి తెమ్మని తిమ్మరుసును ఆజ్ఞాపించాడనీ, తిమ్మరుసు మేక కళ్లు తెచ్చి చూపించి కృష్ణరాయల్ని కాపాడాడనీ రాశాడు. ఒకే రచయిత, ఒకే మంత్రి, మొదట్లో కళ్లు, చివర్లో కళ్లు. నాటకాలకూ సినిమాలకూ ఇంతకన్నా ఏం కావాలి? కథ ఇంత కుదురుగా అమరిందంటేనే విద్యార్థి ఒక క్షణం ఆగి, ఇది వ్యాపారి చెవిన పడిన మాటా లేక జరిగిన సంగతా అని ఆలోచించాలి. అలా ఆలోచించాలంటే న్యూనిజ్ అనే మనిషి ఒకడున్నాడని మీ పేజీ అతనికి చెప్పాలి కదా.

కళ్లారా చూసినవాడి మాటకు ఉండే రుచి వేరని కూడా ఇదే రాయల విషయంలో చూపవచ్చు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన డొమింగో పేస్ రాయల్ని చూశాడు. నడితరపు పొడవు, తెల్లని ఛాయ, సన్నం కన్నా కాస్త లావే అనదగిన శరీరం, ముఖాన మశూచి మచ్చలు. తెల్లవారక ముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, మల్లులతో కుస్తీ పట్టి, ఆ తర్వాత గుర్రమెక్కేవాడని రాశాడు. తిరుమల ఆలయంలో తిరుమలదేవి, చిన్నాదేవిల నడుమ చేతులు జోడించి నిలబడిన రాయల లోహ విగ్రహం ఇప్పటికీ ఉంది. పేస్ మాటల్నీ ఆ విగ్రహం బొమ్మనూ ఒకే పేజీలో పెడితే చాలు, సినిమా కిరీటం అవసరం ఉండదు.

ఇతిహాసాల దగ్గరికి వస్తే, అక్కడ మీరు మరింత జాగ్రత్తగా ఉంటారని అనుకుంటాం. వాస్తవానికి అక్కడే ఎక్కువ అలసత్వం కనిపిస్తుంది. కథ ఎలాగూ కథే కదా, ఏ రూపం చెబితేనేం అన్న ధోరణి ఇందుకు కారణం కావచ్చు. కాని ఒక పాత్ర మీద మోపే నింద ఆ రూపం మీదే ఆధారపడి ఉంటుంది.

మయసభలో దుర్యోధనుడు నీళ్లలో పడినప్పుడు ద్రౌపది పకపకా నవ్విందనీ, గుడ్డివాడి కొడుకు గుడ్డివాడేనని ఎగతాళి చేసిందనీ, కురుక్షేత్రానికి ఆ నవ్వే బీజమనీ చిన్నప్పటి నుంచి వింటున్నాం. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మొదలుపెట్టి, దేశం నలుమూలల తాళపత్రాలు, రాతప్రతులు పోల్చి చూసి, 1966 నాటికి పూర్తిచేసిన సంస్కృత భారత పరిష్కరణలో ఆ ఘట్టం తీసి చూడండి. సభాపర్వంలో కథకుడు నేరుగా చెబుతున్నప్పుడు దుర్యోధనుణ్ణి చూసి నవ్వినవారు సేవకులు, భీముడు, అర్జునుడు, కవలలు. ధర్మరాజు ఆజ్ఞ మీద అతనికి పొడి బట్టలు కూడా ఇస్తారు. ద్రౌపది పేరు అక్కడ లేదు. అదే పర్వంలో కొంచెం ముందుకు వెళితే, హస్తినకు తిరిగి వచ్చిన దుర్యోధనుడు తండ్రి దగ్గర కుమిలిపోతూ ఆ సంగతి తన మాటల్లో చెబుతాడు. అక్కడ కృష్ణుడూ నవ్వాడు, ఆడవాళ్లతో కలిసి ద్రౌపదీ నవ్విందంటాడు. గుడ్డివాడి కొడుకన్న మాట ఆ రెండు చోట్లా లేదు.

ఎంత సూక్ష్మమైన రచన! అవమానంతో రగిలిపోతున్నవాడు తండ్రికి చెప్పుకునేటప్పుడు నవ్వినవారి సంఖ్య పెరిగింది, నవ్వినవారిలో అతని మనసును ఎక్కువగా కోసే పేర్లు చేరాయి. కవి ఆ తేడాను వ్యాఖ్యానించకుండా వదిలేశాడు. నిజంగా నవ్విందా, దుర్యోధనుడికి అలా వినిపించిందా అన్నది తరగతి గదిలో ఒక గంటసేపు చర్చించదగిన ప్రశ్న. ఆ ప్రశ్నను మనం చంపేసి, ఒక స్త్రీ నవ్వు వల్ల వంశం నాశనమైందన్న తీర్పును పిల్లల చేతిలో పెట్టాం. తర్వాతి కవులూ నాటకకర్తలూ ఆ నవ్వును పెంచుకున్నారు, అది వారి హక్కు. పరిచయం రాసే సంపాదకుడికి మాత్రం ఎవరి నవ్వు ఎవరు పెంచారో చెప్పే బాధ్యత ఉంది.

లక్ష్మణరేఖ కథా ఇలాంటిదే. వాల్మీకి అరణ్యకాండలో లక్ష్మణుడు సీత పరుష వాక్యాలు పడలేక, వనదేవతలు నిన్ను కాపాడుదురు గాక అని వెళ్లిపోతాడే తప్ప గీత గీయడు. మన గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలో గీత ఉంది. అహల్య వాల్మీకిలో రాయి కాలేదు. గాలే ఆహారంగా, బూడిదలో పడి, ఎవరికీ కనబడకుండా తపించింది. ఆమెను శిలగా చూసినవారిలో కాళిదాసు ఒకడు. అభిమన్యుడికి వ్యాస భారతంలో ఉత్తర ఒక్కతే భార్య. బలరాముడి కూతురు శశిరేఖ జానపదుల ఇంట పుట్టి, నాటకాల్లో పెరిగి, 1957లో వచ్చిన మాయాబజార్‌తో ప్రతి తెలుగింటి ఆడపడుచు అయింది. వీటిలో దేన్నీ పుస్తకం నుంచి తీసేయమని నేను కోరడం లేదు. శశిరేఖ లేని తెలుగు భారతాన్ని ఊహించుకోవడం నాకూ ఇష్టం లేదు. పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ పాటను మన ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్నారు. అడవికి వెళ్లినవారిని అందరూ తలచుకుంటుంటే ఇంట్లో మిగిలిపోయినదాని గురించి అడిగింది ఆ పాటే. అది వాల్మీకి రామాయణంలో ఉందని చెబితే ఆ స్త్రీల ఘనత వాల్మీకి ఖాతాలో పడిపోతుంది. అసత్యమని తీసేస్తే ఆ ఘనత ఎవరి ఖాతాలోనూ పడదు.

ఇతర మతగ్రంథాల విషయంలోనూ ఇదే న్యాయం వర్తించాలి. ఒక మతం కథలకు ఆధారాలు అడిగి, మరో మతం కథలను అలాగే వదిలేస్తే అది పక్షపాతమే అవుతుంది. మత్తయి సువార్తలో శిశువైన యేసును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురని లేదు, రాజులని అసలే లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అనే మూడు కానుకల నుంచి ముగ్గురు మనుషులు పుట్టారు. మగ్దలేనే మరియను వేశ్యగా నాలుగు సువార్తల్లో ఏదీ చెప్పలేదు. 591లో పోపు గ్రెగరీ ఒక ప్రసంగంలో ఆమెనూ, లూకా సువార్తలోని పేరు లేని పాపాత్మురాలినీ ఒకరినే చేశాడు, ఆ కలయిక చెరిగి, ఆరాధన పంచాంగంలో సవరణ జరిగేసరికి 1969 వచ్చింది. పదమూడు వందల ఏళ్లకు పైగా ఒక స్త్రీ మోసిన నింద అది. ఖురాన్‌లోని యూసుఫ్ అధ్యాయంలో అజీజు భార్యకు పేరు లేదు. జులేఖా అన్న పేరు తర్వాతి సంప్రదాయం, కవులు ఇచ్చినది. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని, సన్యాసిని చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న కథ బుద్ధుడి జీవితంలో అందరికీ తెలిసిన ఘట్టం. పాళీ నికాయాల్లో, అంటే బుద్ధుడి ఉపదేశాల ప్రాచీన సంపుటాల్లో, బుద్ధుడు తన గృహత్యాగం గురించి తానే చెప్పుకున్న ఒక సుత్తంలో ఆ నాలుగు దృశ్యాలూ లేవు; తల్లిదండ్రులు కన్నీరు కారుస్తుండగా జుట్టు తీసి, కాషాయం కట్టి వెళ్లానని ఉంది. నాలుగు దృశ్యాల కథ మరో నికాయంలో విపస్సి అనే పూర్వ బుద్ధుడి పేరు మీద వస్తుంది. రెండూ బౌద్ధులు భక్తితో కాపాడుకున్నవే. రెండూ చెబితే ఎవరి విశ్వాసానికీ లోటు రాదు.

చరిత్రకు తిరిగి వస్తాను. ఆధారం చూపడం వల్ల వ్యక్తి ఎంత దగ్గరవుతాడో, ఎంత సజీవంగా నిలుస్తాడో కాకతి రుద్రమదేవి కన్నా మంచి ఉదాహరణ తెలుగువారికి లేదు. మార్కో పోలో మోటుపల్లి సీమ గురించి రాస్తూ, న్యాయం, ధర్మం, శాంతి తప్పకుండా ఏలిన రాణిని ఎంతో మెచ్చుకున్నాడు, అయితే ఆమెను చనిపోయిన రాజు భార్య అన్నాడు. శాసనాల సాక్ష్యం వేరు. ఆమె గణపతిదేవుడి కూతురు, భర్త నిడదవోలు చాళుక్యుడైన వీరభద్రుడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు కూడా. మెచ్చుకోలులో విదేశీ యాత్రికుణ్ణి నమ్మవచ్చు, చుట్టరికంలో నమ్మకూడదు అన్న పాఠం ఒక్క ఉదాహరణతో పిల్లలకు అందుతుంది.

ఆమె మరణం గురించి ఇంకా గొప్ప సంగతి ఉంది. ఆమె 1295 ప్రాంతం దాకా ఏలిందని చరిత్రకారులు చాలాకాలం రాస్తూ వచ్చారు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన ఒక శాసనం ఆ లెక్కను మార్చేసింది. 1289 నాటి ఆ శాసనంలో పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు, శివలోకానికి చేరిన కాకతి రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా దేవుడికి భూమి దానమిచ్చాడు. అంతే, అంతకన్నా అందులో వివరాలు లేవు. కాకతీయులపై తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో పోరులో రాణీ సేనానీ ఇద్దరూ ఒకేసారి నేలకొరిగి ఉంటారన్నది ఆ రాతి నుంచీ ఆ కాలపు ఇతర శాసనాల నుంచీ చరిత్రకారులు తీసిన అనుమితి. మీ పేజీల్లో సాధారణంగా కనిపించే “వీరమరణం పొందింది” అన్న ముక్తసరి వాక్యంలో ముమ్మడి లేడు, రాయి లేదు, అనుమితీ లేదు. ఒక మామూలు కొలువుకాడు తన ఏలిక పేర దానం చేసి చెక్కించిన నాలుగు మాటల వల్ల ఏడు వందల ఏళ్ల తర్వాత ఒక మహారాణి మరణ సంవత్సరం తేలిందన్న సంగతిని మించిన కథ ఏ కవి రాయగలడు? దాన్ని పిల్లలకు చెప్పకుండా దాచడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాకతీయులలో చివరివాడైన ప్రతాపరుద్రుడి అంతం మీద కూడా రెండు రకాల సాక్ష్యాలున్నాయి. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఢిల్లీకి బందీగా తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున మరణించాడని ముసునూరి ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. సుమారు వందేళ్ల తర్వాత, 1423 నాటి రెడ్డిరాణి అనితల్లి కలువచేరు శాసనం ఆయన తన ఇచ్ఛతోనే దేవలోకానికి వెళ్లాడంటుంది. రెండో మాటను ఆత్మహత్యగా చదివినవారున్నారు, ఓడిన రాజుకు మర్యాదగా అన్న మాటగానూ చదవవచ్చు. రెండూ శాసనాలే, కాబట్టి శాసనమైతే చాలు ప్రశ్నించనక్కర్లేదన్న భ్రమ కూడా ఇక్కడ తొలగిపోతుంది. రాతి మీద చెక్కించేవాడికీ రాగిరేకు మీద రాయించేవాడికీ సొంత ఉద్దేశాలుంటాయి.

ఎవరు చెప్పారన్నది దాచేయడం వల్ల అందరికన్నా ఎక్కువ అన్యాయమైపోయిన మనిషి నా దృష్టిలో నాయకురాలు నాగమ్మ. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం మనకు ప్రధానంగా ఆ వీరుల కథను పాడే వీరవిద్యావంతుల పాటలోనూ, శ్రీనాథుడి పేరుతో వ్యాప్తిలో ఉన్న ద్విపదలోనూ మిగిలింది. యుద్ధానికీ శ్రీనాథుడికీ మధ్యనే రెండు వందల ఏళ్లకు పైగా ఎడం. పైగా ఆ పాట నాగమ్మకు ప్రత్యర్థి అయిన బ్రహ్మనాయుడి పక్షపు వీరుల ఆరాధనలో భాగం. కారెంపూడిలో నేటికీ ఏటా ఆ వీరులకే ఉత్సవం జరుగుతుంది. ఆ పాటలో నాగమ్మ కుటిలురాలు కాక మరేమవుతుంది? గురజాల కొలువులో మంత్రిత్వం నెరపి, కోడిపోరు పందెంలో ప్రత్యర్థిని నెగ్గి, యుద్ధం నడిపిన స్త్రీ ఆమె. ఆమె పక్షాన పాడినవారి పాట మనదాకా రాలేదు. ఆమెను మంచిదని రాయమని నేను అనను. చాపకూటితో కులాలన్నిటినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి ఘనతను తగ్గించమనీ అనను. “ఈ కథ బ్రహ్మనాయుడి పక్షంవారు పాడిన పాట నుంచి తీసుకున్నది” అన్న ఒక్క వాక్యం చేర్చండి. ఆ వాక్యం చదివిన పిల్లలు ఆమె గురించి తామే ఆలోచించుకుంటారు.

ఇంకొన్ని పేర్లను త్వరగా తలచి ముందుకు సాగుతాను. తండ్రి కేసన శెట్టి అనీ, ఊరు గోపవరమనీ, తన కవిత్వం మల్లేశ్వరుడి వరమనీ మొల్ల తానే చెప్పుకుంది. రాయల కొలువుకు వెళ్లడం, అక్కడి కవులతో వాదించడం ఇతరులు చెప్పిన కథలు. వేమన పద్యాలు తొలిసారి అచ్చుకెక్కింది సి.పి. బ్రౌన్ చేతుల మీదుగా 1829లో. బంగారం చేసే విద్య, అన్నగారి రాజ్యం, వేశ్య ముక్కుపుడక అన్నీ ఆ పద్యాల చుట్టూ పెరిగిన కథలు. ఆచార్య నాగార్జునుడి పేరిట మాధ్యమిక తత్త్వవేత్త, రసవాది, సిద్ధుడు ముగ్గురూ కలిసిపోయారు, ఒక్క మనిషికి ఆరు వందల ఏళ్ల ఆయుర్దాయం కూడా కట్టబెట్టారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలుపెట్టి 1924 మే 7న కొయ్యూరులో ప్రాణం విడిచిన అల్లూరి సీతారామరాజు, 1940లో జోడేఘాట్‌లో అమరుడైన కొమరం భీం కలుసుకున్నట్టు చరిత్రలో ఆధారం లేదు. ఆ కలయికను తెరకెక్కించినవారే అది తమ ఊహ అన్నారు. సినిమా తీసినవారు పాటించిన ఆ కనీస మర్యాదను వ్యక్తికోశం రాసేవారు పాటించకపోతే ఎలా?

మీ అభ్యంతరాలు కొన్ని నేను ఊహించగలను. చోటు చాలదంటారు. “ధీరోదాత్తుడు”, “అపర చాణక్యుడు”, “చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగిన” వంటి మాటలు తీసేస్తే కావలసినంత చోటు దొరుకుతుంది. పిల్లలు తికమక పడతారంటారు. ఒకే సినిమా కథను నలుగురు స్నేహితులు నాలుగు రకాలుగా చెబితే ఎవరు చూసి చెబుతున్నారో, ఎవరు వినివచ్చి చెబుతున్నారో ఇట్టే పసిగట్టే పిల్లలు వాళ్లు. శాసనానికీ చాటువుకూ తేడా తెలుసుకోలేరని అనుకోవడం వారిని తక్కువ చేయడమే. మనోభావాలు గాయపడతాయన్నది మూడో అభ్యంతరం, నిజానికి మీకు అన్నింటికన్నా ఎక్కువ భయం దీని గురించే. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను, వివాదం వస్తే దాని దెబ్బ పడేది మీ మీదే. కాని ఆలోచించండి: “ఇది అబద్ధం” అని రాస్తే కోపం వస్తుంది, “ఇది ఫలానా కవి చెప్పింది, ఫలానా గ్రంథంలో లేదు” అని రాస్తే కోప్పడేవాడు గ్రంథం తెరిచి చూడవలసి ఉంటుంది. ఆధారం రాసిన సంపాదకుడికి ఆ ఆధారమే రక్ష. ఆధారం రాయని సంపాదకుడు మాత్రం ప్రతి మాటకూ తానే పూచీ పడవలసి వస్తుంది.

పని ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా చెప్పాలి కదా. ప్రతి పరిచయం చివర రెండు మూడు పంక్తుల్లో, ఆ వ్యక్తి గురించి మనకు తెలిసినది ఎక్కడి నుంచి తెలిసిందో రాయండి: శాసనమైతే ఊరు, సంవత్సరం, కావ్యమైతే కవి, అతని కాలం, జనశ్రుతి అయితే జనశ్రుతి అని. పుట్టిన, గిట్టిన సంవత్సరాలు తేలనివారికి బలవంతంగా సంవత్సరాలు అంటించకండి, శతాబ్దం చెబితే చాలు. బొమ్మ వేయించినప్పుడు అది చిత్రకారుడి ఊహ అయితే కింద ఆ మాట వేయండి. రుద్రమ ముఖం, మొల్ల ముఖం, వేమన ముఖం మనకెవరికీ తెలియవు. అభ్యాసాల్లో “లక్ష్మణరేఖ గీసినది ఎవరు?” అన్న ప్రశ్నకు బదులు “లక్ష్మణరేఖ ఏ రామాయణంలో ఉంది, ఏ రామాయణంలో లేదు?” అని అడగండి. అష్టదిగ్గజాల పేర్లు రాయమన్న ప్రశ్నను తీసేసి, వారి కావ్యాలు ఎవరెవరికి అంకితమయ్యాయో పట్టిక వేయించండి. ఆ పట్టిక పూర్తిచేసిన విద్యార్థికి మీరు వేరే వివరణ ఇవ్వనక్కర్లేదు.

మొత్తం పుస్తకాన్ని ఒక్కసారిగా తిరగరాయడం సాధ్యం కాదని నాకు తెలుసు. వచ్చే ముద్రణలో రుద్రమదేవి, కృష్ణదేవరాయలు, ద్రౌపది, నాగమ్మ, ఈ నాలుగు పేజీలు మాత్రం ఈ పద్ధతిలో మార్చి చూడండి. చందుపట్ల శాసనం ఫొటో ఒకటి, పక్కన ఆ నాలుగు మాటల పాఠం అచ్చులో వేయండి. ఉపాధ్యాయులు ఆ పేజీలు ఎలా చెప్పారో, పిల్లలు ఏం అడిగారో తెలుసుకుని మిగిలినవాటి సంగతి నిర్ణయించుకోండి. ఈ పద్ధతి వద్దని మీరు అనుకుంటే అందుకు కారణాలేమిటో మీరూ బహిరంగంగానే తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు పాఠకుడు